లీజు కారు అమ్మకము: దానిపై పన్ను



సికింద్రాబాదునకు ఈశాన్యమున నున్న కాప్రా ఒకప్పుడు చెరువు నానుకొనియున్న పల్లె. 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను కర్మాగారము ఆ ప్రాంతమున వెలసిన పిమ్మట ఉద్యోగుల కాలనీలు పెరిగినవి. 2007లో కాప్రా పురపాలక సంఘము మహా హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసిపోయినది. నేడచ్చటి ఇండ్లముందు నిలిచియుండు కార్లన్నియు ఆ యింటివారి సొత్తు కావు. కొన్నిటికి యజమాని ఒక కంపెనీ. ఇంటివారు నెలనెలా అద్దె చెల్లించి నడుపుకొనువారు మాత్రమే. దీనినే లీజు అనుచున్నారు. మూడు నాలుగేండ్ల గడువు తీరగానే అట్టి కారు అమ్మకమునకు వచ్చును. అప్పుడు పట్టణమున నున్న మేనల్లుడు పల్లెకు ఫోను చేసి, "మామయ్యా, మంచి కారు తక్కువలో వచ్చుచున్నది, సొమ్ము పంపు" మని యడుగును. పంట అమ్మిన రూపాయలు నాలుగైదు లక్షలు ఒక్కనాటిలో చేతులు మారును.

ఆ సమయమున రెండు మాటలు వినవచ్చును. అమ్మువాడు "ధర యిది, పన్ను వేరు" అనును. ప్రక్కనున్నవాడు "పాత కారునకు పన్నేమిటి? అది కొత్తనాడే తీరినది" అనును. ఈ రెండు మాటలును ఒక్కొక్కచో నిజమే, ఒక్కొక్కచో తప్పే. ఏది యెప్పుడు నిజమో తెలియవలెనన్న ముందుగా ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ కారు ఎవరిది?

ఈ ప్రశ్న మన రైతులకు క్రొత్తది కాదు. కౌలుదారు భూమిని దున్నును, విత్తును, పంట కోసి యమ్ముకొనును. పదేండ్లు సాగుచేసినను ఆ భూమిని అమ్మజాలడు. అమ్మినట్లు కాగితము వ్రాసియిచ్చినను కొన్నవానికి దక్కునది ఆ కాగితమే. లీజు కారు సంగతియు నిట్టిదే. తాళపుచెవులు లీజుదారుని జేబులో నుండవచ్చును. నాలుగేండ్లు పెట్రోలు పోసినవాడు, సర్వీసు చేయించినవాడు అతడే కావచ్చును. స్వత్వము మాత్రము కంపెనీయందే నిలిచియుండును. తనకు లేని హక్కును అమ్మువాడు పరులకు ఈయజాలడని 1930 నాటి వస్తు విక్రయ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము లీజు ఒప్పందము క్రింద వాహనమును స్వాధీనమున నుంచుకొన్నవానినే "యజమాని" యని నిర్వచించినది. ప్రమాదము జరిగినచో బాధ్యత ఎవరిది, నడిపించువాడెవడు అను విషయములకై చేసిన నిర్వచన మది. దానిని చూపి "చట్టమే నన్ను యజమాని యనుచున్నది, నేనే అమ్ముదును" అని లీజుదారు చెప్పినచో నమ్మరాదు. రోడ్డుమీద బాధ్యతకు ఒకడు యజమాని. అమ్మకమునకు వేరొకడు యజమాని. పన్ను ఈ రెండవవాని వెంట నడచును.

ఆర్.సి. పుస్తకమునందో కార్డునందో ఉండు నమోదును జాగ్రత్తగా చదువవలెను. అందు మూడు విధములైన మాటలు కనబడవచ్చును. మొదటిది తాకట్టు, అనగా బ్యాంకు అప్పు. ఇందు కారు కొన్నవానిదే. బ్యాంకునకు అప్పు తీరువరకు దానిపై పట్టు మాత్రముండును. రెండవది హైర్‌పర్చేజి. ఇందు వాయిదాలన్నియు చెల్లించి, కొనుటకు తనకున్న హక్కును వినియోగించినప్పుడే స్వత్వము మారును, కె. ఎల్. జోహార్ కంపెనీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ సంగతిని తేల్చినది. మూడవది లీజు. ఇందు వాయిదాలన్నియు కట్టినంతమాత్రమున కారు వానిది కాదు. గడువు తీరిన పిమ్మట వేరుగా అమ్మకము జరుగవలసినదే. ఈ మూడింటికిని పల్లెలో "ఫైనాన్సు కారు" అని ఒకే పేరు పెట్టుటవలననే తగవులు పుట్టుచున్నవి.

ఇక పన్ను మాట. మనదేశమున సామాన్య అమ్మకపు పన్ను 1939లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము తెచ్చిన చట్టముతో బలపడినది. మద్యనిషేధమువలన తగ్గిన రాబడిని పూడ్చుట దాని యుద్దేశములలో నొకటి. హైదరాబాదు రాష్ట్రమున 1950లో అట్టి చట్టము వచ్చినది. రెండు ప్రాంతములు కలిసిన పిమ్మట 1957లో ఆంధ్రప్రదేశ్ సామాన్య అమ్మకపు పన్ను చట్టము అమలులోనికి వచ్చెను. ఆ కాలమున పన్ను అమ్మకముపైననే, అద్దెపైన లేదు. అమ్మకమనగా ఒప్పందము, ధర, స్వత్వపు మార్పు అను మూడును ఉండవలెనని 1958లో గానన్ డంకర్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అద్దెలో స్వత్వము మారదు గనుక రాష్ట్రములు దానిపై పన్ను వేయజాలకపోయినవి.

1982లో రాజ్యాంగమునకు జరిగిన 46వ సవరణ ఈ స్థితిని మార్చినది. వస్తువును వాడుకొను హక్కును బదిలీ చేసినను అది అమ్మకముతో సమానమని ఆ సవరణ పలికెను. దాని ననుసరించి 1985లో మన రాష్ట్ర చట్టమున క్రొత్త నిబంధన చేరి, లీజు అద్దెలపై పన్ను మొదలైనది.

అయితే అద్దెకిచ్చిన ప్రతి వస్తువును ఇట్టిదే యనరాదు. విశాఖపట్నమున ఉక్కు కర్మాగారము నిర్మించు కాలమున రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ తన యంత్రములను కాంట్రాక్టర్లకు అద్దెకిచ్చినది. పన్నుల అధికారులు ఆ అద్దెపై పన్ను కట్టుమనిరి. కాంట్రాక్టరు ఆ యంత్రములను ఆవరణ దాటించరాదు, వేరు పనికి వాడరాదు. వాటిపై అధీనము సంస్థదే. కావున వాడుక హక్కు బదిలీ కాలేదని రాష్ట్ర హైకోర్టు నిర్ణయింపగా 2002లో సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినది. ఈ తీర్పు మనకొక కొలబద్ద. డ్రైవరుతోకూడ తెచ్చుకొన్న పెండ్లికారు మన అధీనమున లేదు. ఇంటిముందు నిలుపుకొని రాత్రింబవళ్లు మన యిచ్చ వచ్చినచోటికి నడుపుకొను లీజు కారు మన అధీనమున నున్నది; కనుకనే దాని నెలసరి అద్దెపై పన్ను పడుచున్నది.

తరువాత 2005 ఏప్రిలు 1 నుండి విలువ ఆధారిత పన్ను వచ్చెను. 2017 జూలై 1 నుండి దాని స్థానమున వస్తు సేవల పన్ను, అనగా జీఎస్టీ, వచ్చెను. దీనిలో లీజు అద్దె ఒక సేవ. గడువు చివర జరుగు విక్రయము వస్తువు అమ్మకము. అందువలననే "నెలనెలా అద్దెతో పన్ను కట్టితిని గదా, మరల ఎందుకు?" అను ప్రశ్నకు సమాధానము తేలికగా దొరకును. నెలనెలా కట్టినది వాడుకకు. ఇప్పుడు కట్టునది వస్తువునకు. కౌలు సొమ్ము చెల్లించినంతమాత్రమున భూమి ధర తీరదు గదా!

అట్లని ప్రతి పాత కారు అమ్మకముపైనను పన్ను లేదు. ఈ పన్ను వ్యాపారములో భాగముగా జరుగు అమ్మకములకే వర్తించును. ఒక ఉద్యోగి తన సొంతమునకు కొని వాడుకొన్న కారును పొరుగువానికి అమ్మినచో జీఎస్టీ లేదు. బ్యాంకు అప్పుతో కొన్నదైనను లేదు. 2024 డిసెంబరులో జైసల్మీరున జరిగిన పన్నుల మండలి సమావేశపు పిమ్మట ప్రభుత్వము ఈ సంగతిని మరల విశదీకరించినది. లీజు కంపెనీ వ్యాపార సంస్థ గనుక అది అమ్మినప్పుడు పన్ను వర్తించును. కార్లు కొని యమ్ముటయే జీవనముగా గలవాని సంగతియు నిట్టిదే. "పాత కారునకు పన్నేమిటి" అన్నవాడు మొదటిరకపు అమ్మకమును, "పన్ను వేరు" అన్నవాడు రెండవరకపు అమ్మకమును చెప్పుచున్నాడు.

కాప్రాలోని ఉద్యోగి వాడుచున్న లీజు కారు పల్లెలోని పెద్దమనిషికి న్యాయముగా చేరుటకు రెండు దారులున్నవి. ఒకటి, కంపెనీయే పల్లెవాని పేర బిల్లు వ్రాసి యమ్ముట. ఇది ఒక అమ్మకము, ఒక పన్ను, ఒకసారి పేరు మార్పు. రెండవది, కంపెనీ ముందు ఉద్యోగికి అమ్మి, ఉద్యోగి తన పేర మార్చుకొని పిమ్మట పల్లెవానికి అమ్ముట. ఇందు అమ్మకములు రెండు, పేరు మార్పులు రెండు. పన్ను మాత్రము మొదటి అమ్మకమునకే, ఉద్యోగి వ్యాపారి కాడు గనుక. ఆ పన్నును ఉద్యోగి తన ధరలో కలుపుకొనవచ్చును. కాని రెండవ అమ్మకముపై "జీఎస్టీ" యని వేరుగా వసూలు చేయుటకు వానికి హక్కు లేదు. ఈ రెండు దారులలో దేనికి వీలున్నదో లీజు ఒప్పందమునుబట్టి తెలియును.

మూడవ దారి యొకటి కలదు, అదియే ముప్పు. ఉద్యోగి సొమ్ము చేత పుచ్చుకొని, కారు తోలి, "కంపెనీ లెక్క నేను చూచుకొందును" అనుట. కంపెనీకి సొమ్ము చేరనంతవరకు కొన్నవాని చేతిలో నున్నది పరుల సొత్తు.

పన్ను ఎంత? ఇది కంపెనీ పుస్తకములపై ఆధారపడియుండును. కారు కొన్ననాడు కట్టిన పన్నును కంపెనీ తన లెక్కలలో జమగా తిరిగి పొందినదా లేదా అనునది కీలకము. జమ పొందనిచో, 2018 జనవరి 25 నాటి ఉత్తరువు ప్రకారము పన్ను పూర్తి ధరపై కాదు, మిగులుపైన మాత్రమే. ఆదాయపు పన్ను లెక్కలలో తరుగుదల చూపినచో, ఆ తరుగుదల పోగా నిలిచిన విలువకును అమ్మిన ధరకును గల తేడాయే ఈ మిగులు. తేడా లేకున్నను, నష్టము వచ్చినను పన్ను సున్న. మొదట ఈ మిగులుపై పెద్ద కార్లకు 18 శాతము, ఇతరములకు 12 శాతము ఉండెను. 2025 జనవరి 16 నుండి అన్నింటికిని 18 శాతమైనది. జమ పొందియున్నచో ఈ సదుపాయము లేదు. అమ్మకపు ధర మొత్తముపై ఆ తరగతి కారునకు గల రేటున పన్ను పడును. లేదా పొందిన జమలో మూడు నెలల కొకసారి 5 శాతము చొప్పున తగ్గింపగా మిగిలినది ఎక్కువైనచో అది కట్టవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు, డీజిలు కార్లకు రేటు 18 శాతము, పెద్దవానికి 40 శాతము.

ఒక లెక్క వేసి చూతము. ఒక చిన్న కారు పన్ను గాక 7 లక్షలకు కంపెనీ కొన్నదనుకొనుడు. నాటి 28 శాతము పన్ను 1,96,000 రూపాయలు. మూడేండ్ల పిమ్మట దానిని 5 లక్షలకు అమ్ముచున్నది.

కంపెనీ జమ పొందలేదనుకొందము. తరుగుదల పోగా పుస్తక విలువ 4,20,000 మిగిలినచో తేడా 80,000. దానిపై 18 శాతము 14,400 రూపాయలు. పుస్తక విలువ 5,50,000 ఉన్నచో పన్నే లేదు.

జమ పొందినదనుకొందము. 5 లక్షలపై 18 శాతము 90,000. పొందిన 1,96,000లో మూడేండ్లకు, అనగా పండ్రెండు త్రైమాసికములకు, 60 శాతము తగ్గింపగా 78,400. రెండింటిలో నెక్కువది 90,000, అదియే పన్ను. ఇదే ధరకు అమ్మినది పెద్ద కారైనచో 40 శాతము చొప్పున 2 లక్షలగును.

చూచితిరా! కారు అదే, ధర అదే; పన్ను సున్న కావచ్చును, పదునాలుగు వేలు కావచ్చును, తొంబది వేలు కావచ్చును. కొనువాడు ఈ పుస్తకములను చూడజాలడు. కాని కంపెనీ వ్రాతమూలకముగా చెప్పవలసిన బాధ్యతను కోరవచ్చును. బేరము కుదుర్చుకొనునప్పుడే "ఈ 5 లక్షలలో పన్ను కలిసియున్నదా, వేరా?" అని యడిగి కాగితముపై వ్రాయించుకొనవలెను. వేరన్నచో 90,000 చేర్చి 5,90,000 సిద్ధము చేసికొనవలెను. కలిసియున్నదన్నచో ఆ 5 లక్షలలోనే 18 శాతము చొప్పున పన్ను 76,271 రూపాయలగును. ఈ ఒక్క మాట తేల్చుకొననందున బేరము చివరిదినమున చెడిన సందర్భములు కలవు.

2017కు ముందే కొని లీజుకిచ్చిన వాహనములకు ఒక ప్రత్యేక సదుపాయముండెను. వానిపై పాత పన్నుల భారము ఇదివరకే పడియున్నందున రేటులో 65 శాతమే చెల్లించుమని 2017 అక్టోబరులో ఉత్తరువు వచ్చెను. అది 2020 జూన్‌తో ముగిసినది. ఇప్పుడెవరైన దానిని చూపి లెక్క చెప్పినచో అంగీకరింపరాదు.

ఇతర దేశములలో పన్ను మోయువాడు వేరు. మన తెలుగువారనేకులు స్థిరపడిన కాలిఫోర్నియా రాష్ట్రమున ఒక మనుష్యుడు తన కారును వేరొకనికి అమ్మినను పన్ను ఉన్నది. కొన్నవాడు తన పేర నమోదు చేయించుకొనునప్పుడు వాహన శాఖయే దానిని వసూలు చేయును. లీజుదారు గడువు చివర కారు కొని పదిదినములలోగా మూడవవానికి మార్చినచో తాను కొన్నదానిపై పన్ను తప్పించుకొను వీలును అచ్చట కలదు. అమెరికానుండి వచ్చిన బంధువు చెప్పిన మాట నమ్మి ఆర్.టి.ఓ. కార్యాలయమున అమ్మకపు పన్ను కట్టబోవుట మనకు పొసగదు. మన కార్యాలయము పేరు మార్పు రుసుమును, వాహన పన్నును చూచును. జీఎస్టీని అమ్మినవాడే తన బిల్లుద్వారా ప్రభుత్వమునకు చెల్లించును.

కావున కొనువాడు సొమ్ము చెల్లించుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని. ఆర్.సి.లో లీజు నమోదు ఎవరి పేర నున్నదో చూడవలెను. ఆ కంపెనీ నుండి అమ్మకమునకు సమ్మతి పత్రమును, చెల్లించవలసిన మొత్తమును తెలుపు కాగితమును తెప్పించుకొనవలెను. సొమ్మును కంపెనీ బ్యాంకు ఖాతాకే పంపవలెను. మధ్యవర్తి చేతి కీయరాదు. బిల్లుపై కంపెనీ యొక్క పదునైదు అక్షరముల జీఎస్టీ సంఖ్య ఉండవలెను. తెలంగాణలో నమోదైన సంస్థకు ఆ సంఖ్య 36తో మొదలగును. ఆ సంఖ్య నిజమైనదో కాదో జీఎస్టీ వారి అంతర్జాల స్థానమున ఎవరైనను చూడవచ్చును. ఇంటి పిల్లలు నిమిషములో చూచి చెప్పుదురు. తెలంగాణలోనే జరిగిన అమ్మకమైనచో పన్ను సగము కేంద్రమునకు, సగము రాష్ట్రమునకు అని రెండు వరుసలుగా బిల్లులో కనబడును.

పన్ను తగ్గించుటకై ధర తక్కువ వ్రాయుదమని ఎవరైన సలహా ఇచ్చినచో వినరాదు. రేపు కారులో లోపము కనబడి సొమ్ము తిరిగి యడుగవలసివచ్చినచో, బిల్లులో నున్న సొమ్ముకే సాక్ష్యముండును. మిగిలినది నోటిమాటగా మిగులును.

బిల్లు చేతికి వచ్చిన పిమ్మట నమోదు మార్పు. లీజు రద్దునకు 35వ ఫారముపై కంపెనీ సంతకము కావలెను. అమ్మకమును తెలుపుటకు 29, 30 ఫారములు కావలెను. అమ్మినవాడు అదే రాష్ట్రములో పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను తెలియజేయవలెను. కాప్రా కారును ఆంధ్రప్రదేశ్‌లోని పల్లెకు కొనిపోయి అచ్చటనే ఉంచదలచినచో 28వ ఫారముపై నిరభ్యంతర పత్రము పుచ్చుకొని, అచ్చటి వాహన పన్నును కూడ లెక్కలో చేర్చుకొనవలెను; 2014 నుండి రెండును వేరు రాష్ట్రములు గదా. భీమాపత్రము కొత్త పేరునకు మార్పించుటకును పదునాలుగు దినముల గడువే కలదు. కారు ఎన్ని చేతులు మారినను ఆర్.సి.లో పేరున్నవాడే ప్రమాద పరిహారమునకు బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. కావున ఈ పనిని వాయిదా వేయుట అమ్మినవానికిని కొన్నవానికిని మేలు కాదు.

భూమి కొనునప్పుడు మన పెద్దలు పట్టాదారు ఎవరో, కౌలుదారు ఎవరో, శిస్తు బాకీ యున్నదో లేదో విచారించి గాని బయానా ఈయరు. కారు కొనుటయందును ఆ వివేకమునే వాడుదురుగాక. పట్టాదారు లీజు కంపెనీ, కౌలుదారు నడుపుచున్నవాడు, శిస్తు ఆ బిల్లులో వ్రాసిన పన్ను. ఈ మూడింటిని కాగితముపై చూచిన పిమ్మటనే సొమ్ము మూట విప్పవలెను.